ఇద్దరికి ఎంత పడవ కావాలి? గోదారి పాయల్లో 20 అడుగుల ఫైబర్ బోటు

20 అడుగుల ఫైబర్ పడవ, వెనక 20 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ ఇంజను, నెత్తిన మడత పెట్టుకునే గుడ్డ పైకప్పు. ధవళేశ్వరం దిగువన ఆలుమగలిద్దరే సొంతంగా నడుపుకుంటూ, తొందర లేకుండా పాయలన్నీ తిరిగి రావడానికి ఇంతకంటే పొందికైన సరంజామా లేదని మా అభిప్రాయం. మొగ, అంటే నది సముద్రంలో కలిసే చోటు, దాటి సముద్రం మీదికి పోవడానికి మాత్రం ఇది పడవ కాదు. ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడా తెలుసుకుని కొనుక్కుంటే ఏళ్ల తరబడి సుఖపడతారు. తెలియక కొంటే మొదటి వేసవిలోనే అమ్మకానికి పెడతారు.

ముందు పడవ సంగతి. వెడల్పు ఆరడుగులకు తగ్గకూడదు. ఒకరు అంచు మీద వాలి లంగరు లాగుతుంటే ఇంకొకరు లేచి అటుపక్కకు పరుగెత్తాల్సిన అవసరం రాకూడదు. అడుగు మరీ కోసుగా ఉండే సముద్రపు రకం వద్దు. ముందువైపు కాస్త కోసుగా మొదలై వెనక్కి వచ్చేసరికి దాదాపు చదునుగా పరుచుకునే అడుగు మన నీళ్లకు సరిపోతుంది. అలాంటి పడవ ఖాళీగా అడుగు లోతు నీళ్లలో తేలుతుంది. కానీ నీటిలోకి దిగే ఇంజను కాలు దించాక కనీసం రెండు, రెండున్నర అడుగులు కావాలి. ఇసుక మేటలకు తగిలేది ఆ కాలే.

వెనక పలక ఎత్తు, ఇంజను కాలి పొడవు జోడీ కుదరాలి. పలక 15 అంగుళాలైతే షార్ట్ షాఫ్ట్, 20 అంగుళాలైతే లాంగ్ షాఫ్ట్. ఫ్యాను (ప్రొపెల్లరు) పైన అడ్డంగా కనిపించే రేకు పడవ అడుగుతో సమానంగా గాని, ఒక అంగుళం కిందకి గాని ఉండాలి. పైకుంటే మలుపులో ఫ్యాను గాలి పీల్చుకుని ఇంజను ఒక్కసారిగా అరుస్తుంది, పడవ మాత్రం కదలదు. మరీ కిందకుంటే నీటిని ఈడ్చుకుంటూ పోయి పెట్రోలు తాగుతుంది. రేవుల్లో అమ్మే చాలా పడవలు పొడవాటి కడ్డీ చివర ఫ్యాను ఉండే లాంగ్ టెయిల్ డీజిల్ ఇంజన్ల కోసం పోసినవి. వాటికి ఈ కొలత చూడకుండా అవుట్‌బోర్డ్ తగిలిస్తే ఈ తంటాలే వస్తాయి.

లాంగ్ టెయిల్ డీజిల్ గురించి న్యాయంగా ఒక మాట చెప్పాలి. వేటకు అదే రాజు. మోకాలి లోతు నీటిలో కూడా కడ్డీ పైకెత్తి నడపొచ్చు, ఏ రేవులోనైనా బాగుచేసే మనిషి దొరుకుతాడు. కానీ పక్కపక్కన కూర్చున్న ఇద్దరు మాట్లాడుకోవాలంటే గొంతు చించుకోవాలి. తీరికగా తిరగడానికే పడవ కొంటున్నవారికి ఆ మోత, ఆ వణుకు సరిపడవు.

ఇంజను ఎంత పెద్దదన్న దగ్గర అందరూ తప్పు చేస్తారు. 40 హెచ్‌పీ తీసుకోండని అమ్మేవాళ్లు చెబుతారు. ఈ పొడుగు పడవ నీటిని చీల్చుకుంటూ హాయిగా పోయే వేగం గంటకు 10 కిలోమీటర్లు, కొంచెం అటూ ఇటూ. అది పడవ పొడవును బట్టి వచ్చే హద్దు. అంతకు మించి తోస్తే ముక్కు పైకి లేచి, తోక కూరుకుపోయి, తన అల తనే ఎక్కలేక తంటాలు పడుతుంది. 20 హెచ్‌పీని సగం తెరిచి నడిపితే గంటకు రెండు నుంచి మూడు లీటర్లలో ఆ వేగం వస్తుంది. పూర్తిగా తెరిస్తే ఏడు లీటర్ల దాకా తాగి, వేగం మూడు నాలుగు కిలోమీటర్లే పెరుగుతుంది. 40 హెచ్‌పీ పెడితే నీటి మీద జారుతూ దూసుకుపోవచ్చు, నిజమే. కానీ వెనక బరువు పెరుగుతుంది, గుంజలకు కట్టిన వల కనిపించేలోపే దాని మీద ఉంటారు, లేచిన అల లంక గట్టును కోస్తుంది, ఒడ్డున నాటు పడవలో వల సర్దుకునే మనిషిని తడుపుతుంది. మిగిలిన డబ్బు లంగరు మీద, ఫిల్టరు మీద, పైకప్పు మీద పెట్టండి.

యమహా, సుజుకీ, హోండా, మెర్క్యురీ నాలుగూ ఈ సైజు ఫోర్ స్ట్రోక్ ఇంజన్లు చేస్తున్నాయి. నాలుగూ మంచివే. మీకు దగ్గరలోని ఊళ్లో దేని ఇంపెల్లరు (చల్లబరిచే నీటిని తోడే రబ్బరు చక్రం), దేని ప్లగ్గులు అడిగిన వెంటనే చేతిలో పెడతారో అదే కొనండి. బరువు 50 కిలోల అటూ ఇటూ ఉంటుంది కాబట్టి ఇద్దరు మోసి ఇంట్లో దాచుకోవచ్చు. తాడు లాగి స్టార్ట్ చేసే వీలు మాత్రం తప్పకుండా ఉండాలి. బటన్ ఒక్కటే ఉన్న ఇంజను బ్యాటరీ దిగిన రోజున మడ అడవిలో ఉత్త ఇనుపముద్ద.

ఇంజను సతాయించిందంటే ముందుగా అనుమానించాల్సింది పెట్రోలునే. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అవుట్‌బోర్డ్ ఇంజన్ల పుస్తకాలు చాలావాటిలో 10 శాతం దాకానే ఒప్పుకుంటారు, కొనేముందు మీ ఇంజను పుస్తకంలో ఆ పేజీ చదవండి. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. మన తీరంలో తేమకు కొదవేముంది. సగం ఖాళీ ట్యాంకు నెల రోజులు పడి ఉంటే నీరు, ఇథనాల్ కలిసి అడుగుకు దిగిపోతాయి. ఇంజను పీల్చేది ముందు ఆ అడుగునే. రేవులో బాగానే స్టార్టయి, నడి పాయలో దగ్గి ఆగిపోయే ఇంజన్లలో చాలావాటి రోగం ఇదే. ట్యాంకుకు, ఇంజనుకు మధ్య నీటిని వేరుచేసే 10 మైక్రాన్ల ఫిల్టరు, కింద గాజు గిన్నె ఉన్నది, తప్పకుండా పెట్టించండి. పొద్దున్నే గిన్నెలో అడుగున బుడగలా నీరు కనిపిస్తే వంపేయడం రెండు నిమిషాల పని. తిరుగుడు అయిపోగానే మిగిలిన పెట్రోలు బండిలో పోసేసుకోండి. 25 లీటర్ల ట్యాంకులు రెండు చాలు. లెక్క మూడు వంతులు: ఒక వంతు పోవడానికి, ఒకటి రావడానికి, మూడోది ముట్టుకోకూడనిది. ట్యాంకు మీది గాలి మర తెరవడం మరిచిపోతే పావుగంటలో ఇంజను ఆగుతుంది, పెట్రోలు గొట్టం మధ్యలోని రబ్బరు బల్బు నొక్కుకుపోయి కనిపిస్తుంది. ఫిల్టరు విప్పేముందు అది చూడండి.

రెండోది నైలాను దారం. యానాం దిగువన, భైరవపాలెం వైపు గుంజలు పాతి కట్టే వలలు చాలా. తెగిన దారం ఫ్యాను వెనక ఇరుసుకు చుట్టుకుని, నెమ్మదిగా లోపలికి కోసుకుంటూ పోయి సీలును తినేస్తుంది. పడవ నడుస్తూనే ఉంటుంది, మీకేమీ తెలియదు. గేరు నూనె అడుగు మర విప్పినప్పుడు నూనె పాలు కలిపిన కాఫీలా వస్తే సీలు పోయిందని అర్థం. ఇంకో వారం నడిపితే గేర్లు తుప్పు పడతాయి. అందుకని నెలకోసారి ఫ్యాను ఊడదీసి ఇరుసు తుడవాలి. దానికి కావలసిన పానా, కొత్త కాటర్ పిన్నులు రెండు, ఒక అదనపు ఫ్యాను పడవలోనే ఉండాలి. గుర్రపు డెక్క చుట్టుకుంటే ఇంత కష్టం లేదు. న్యూట్రల్‌లో పెట్టి, ఒక క్షణం వెనక గేరు వేస్తే చాలాసార్లు విడిపోతుంది. పోకపోతే ఇంజను ఆపి, కాలు ఎత్తి, చేత్తో పీకాలి. ఇంజను ఆపకుండా చెయ్యి పెట్టకూడదు, గేరు న్యూట్రల్‌లో ఉన్నా సరే.

ఇంజనును చల్లబరిచేది గోదారి నీరే. ఆ నీటిలో మెత్తటి ఒండ్రు ఉంటుంది. అది రబ్బరు ఇంపెల్లరు రెక్కలను గీకేస్తుంది. కంపెనీ పుస్తకం ఎంత గడువిచ్చినా మన దగ్గర ఏడాదికోసారి మార్చడం మేలు. పక్కనుంచి చిమ్మే నీటి ధార మీద ఒక కన్ను ఎప్పుడూ ఉండాలి. ధార సన్నబడితే ముందు ఇంజను ఆపి, కాలు ఎత్తి నీరు పీల్చే జల్లెడ చూడండి. సగం సార్లు పాలిథిన్ సంచే అంటుకుని ఉంటుంది. ఉప్పునీటిలో తిరిగొచ్చిన రోజు పది నిమిషాలు మంచినీటితో ఇంజను లోపల కడగాలి. వేసవిలో ఉప్పు పాయల్లో చాలా లోపలికి ఎక్కుతుంది కాబట్టి, నది మీదే ఉన్నాం కదా అని మానేయకండి. అదే కారణంతో, ఇంజను బదులు తాము తుప్పు పట్టేందుకు వేసే దిమ్మలు (యానోడ్లు) జింకువి కాకుండా అల్యూమినియంవి వేయించండి. జింకు పచ్చి ఉప్పునీటిలో బాగా పనిచేస్తుంది. తీపీ ఉప్పూ కలిసే మన పాయల్లో దాని మీద పొర కట్టి, ఊరికే ఉండిపోతుంది, దాని బదులు ఇంజను కాలు తుప్పు పడుతుంది. ఇంజను ఆయిలు మొదటి 20 గంటలకు, ఆ తర్వాత 100 గంటలకోసారి మార్చాలి.

ఇక లంగరు. ఈ పడవలతో ఇచ్చే నాలుగు కొక్కేల లంగరు రాళ్లలో, వలలో పట్టుకుంటుంది, ఇసుకలో దున్నుకుంటూ వచ్చేస్తుంది. గోదారి అడుగు ఇసుక, లేకపోతే బురద. రెండింటికీ చదునైన రెండు రెక్కలుండే డాన్‌ఫోర్త్ రకం, ఆరేడు కిలోలది కావాలి. దానికి 8 మిల్లీమీటర్ల గొలుసు కనీసం నాలుగు మీటర్లు, ఆపైన 12 మిల్లీమీటర్ల నైలాను మోకు 40 మీటర్లు. గొలుసు లేకపోతే మోకు లంగరు పిడిని పైకి లాగుతుంది, రెక్కలు నేలలో దిగవు. లోతుకు ఐదు రెట్లు మోకు వదలాలి, రాత్రి పడుకునేటట్లయితే ఏడు రెట్లు. ఆ లోతు ఇప్పటి లోతు కాదు, పోటు నిండినప్పటిది. కాకినాడ తీరంలో పున్నమి, అమావాస్యలప్పుడు నీరు ఒక మీటరుకు పైగా ఎక్కి దిగుతుంది. ఇప్పుడు రెండు మీటర్లుంటే మూడున్నరకు లెక్కేసుకుని, పడవ అంచు ఎత్తు కూడా కలిపి, ఏడు రెట్ల లెక్కన దాదాపు ముప్పై మీటర్లు వదిలితే నిద్ర పడుతుంది.

ఆరు గంటలకోసారి ప్రవాహం తిరగబడుతుంది, పడవా తిరుగుతుంది. ఆ తిరిగే వృత్తంలో గుంజ గాని, వల గాని, మేట గాని ఉండకూడదు. పోటు తిరిగాక లంగరు ఒకసారి పీకి మళ్లీ పట్టుకుంటుంది కాబట్టి ఆ సమయంలో ఒకరు మేలుకుని, ఒడ్డున రెండు గుర్తులు చూసుకోవాలి. పాటు మీద, అంటే నీరు దిగిపోతుండగా, పడవ ముక్కు ఇసుకకు ఆనించి దిగి నడిచిరావడం అందరికీ సరదా. పావుగంట ఆలస్యమైతే పడవ నేల మీదుంటుంది. మళ్లీ తేలేది ఆరేడు గంటల తర్వాతే. తెలియని నీటిలోకి పోవాలంటే ఎప్పుడూ పోటు ఎక్కుతుండగానే పోవాలి. తగిలినా అదే లేపుతుంది. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. కాకినాడ రేవు పట్టిక చూసుకోండి, కానీ పాయ లోపలికి వెళ్లేకొద్దీ ఆ సమయానికి ఇంకా ఆలస్యంగా నీరు నిండుతుందని గుర్తుంచుకోండి.

ఇద్దరే ఉన్న పడవకు ఇంకొక లెక్క ఉంది. ఒకరు నీటిలో పడితే పడవలో మిగిలేది ఒక్కరే. తడిసిన బట్టలతో ఉన్న మనిషిని రెండడుగుల అంచు మీదుగా ఒంటిచేత్తో లోపలికి లాగడం ఆడామగా ఎవరి వల్లా కాదు. అందుకే వెనకవైపు, నీటిలోకి మూడు మెట్లు దిగే నిచ్చెన లేకుండా ఈ పడవ కొనొద్దు. తయారీవాళ్లు ఇచ్చేది తరచూ ఒక్క మెట్టే నీటిలో ఉండేది. దాన్ని పొడిగించుకోవాలి. ఇంజను నడిపేవారి మణికట్టుకు ఎర్ర తాడు క్లిప్పు ఉండి తీరాలి, మనిషి పడగానే అది ఊడి ఇంజను ఆగుతుంది. రెండో క్లిప్పు పడవలో ఉంటేనే మిగిలినవారు ఇంజను మళ్లీ స్టార్ట్ చేయగలరు. ఈ రెండో క్లిప్పు సంగతి ఎవరూ చెప్పరు. ఇంజను స్టార్ట్ చేయడం, పడవ తిప్పడం, లంగరు వేయడం, మీరెక్కడున్నారో ఫోనులో చెప్పడం ఇద్దరికీ రావాలి. ఒకరు నడుపుతారు, ఒకరు కూర్చుంటారు అనే పద్ధతి రేవులోనే వదిలేయాలి. కోస్ట్ గార్డ్ నంబరు 1554 పడవ లోపల పెయింటుతో రాయించండి. లైఫ్ జాకెట్టు సీటు కింద దాచేది కాదు, ఒంటి మీద ఉండేది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి ఏం జరిగిందో గోదారి జిల్లాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు.

పైకప్పు ఎండకు బాగుంటుంది, గాలికి తెరచాప అవుతుంది. నడుము ఎత్తులో మడత పడిపోయే రకం తీసుకోండి. పక్కలకు దోమతెర కట్టుకునే కొక్కేలు పెట్టించుకోండి, మడ అడవి పక్కన పొద్దుగూకాక అవి లేకపోతే కూర్చోలేరు. వంటకు చిన్న గ్యాసు పొయ్యి అయితే పడవ ముందు భాగంలో, పెట్రోలు ట్యాంకు వెనక భాగంలో. గ్యాసు, పెట్రోలు ఆవిరి రెండూ గాలికంటే బరువు, పడవ అడుగున చేరి నిలిచిపోతాయి. వంట అయ్యాక సిలిండరు మర కట్టేయండి, ఇంజను స్టార్ట్ చేసేముందు ముక్కు కిందకి పెట్టి ఒకసారి వాసన చూడండి. మంచినీళ్లు రోజుకు ఇద్దరికి పది లీటర్లు.

ఎక్కడ తిప్పుకోవాలన్నదానికి మా మొదటి ఓటు వశిష్ఠ పాయకే. దిండి, చించినాడ వంతెన దగ్గర్నుంచి కిందకి నరసాపురం మీదుగా అంతర్వేది దాకా పాయ వెడల్పు, లోతు బాగుంటాయి, ఇరుపక్కలా కొబ్బరి తోటలే. సఖినేటిపల్లి, నరసాపురం మధ్య జనాన్ని, బండ్లను దాటించే పంటు తిరుగుతుంది. దానికి ఎప్పుడూ వెనకనుంచి, వేగం తగ్గించి దాటాలి. అంతర్వేదిలో నది సముద్రంలో కలిసే చోటి అన్నాచెల్లెళ్ళ గట్టు కనిపించేసరికి వెనక్కి తిప్పేయండి. అక్కడినుంచి నీరు మీది కాదు.

వైనతేయ ఇంకా నిశ్శబ్దం. అప్పనపల్లి పక్కనుంచి పోతుంది. మేటలు ఎక్కువ, పోటు మీదే తిరగాలి. కాలువల జోలికి ఈ పడవతో పోవద్దు, వంతెనలు తక్కువ ఎత్తు, గుర్రపు డెక్క ఎక్కువ, వేసవిలో నీరు కట్టేస్తారు.

అన్నిటికంటే అందమైనది, అన్నిటికంటే జాగ్రత్త కావలసినది గౌతమి. యానాం నుంచి కాకినాడ అఖాతంలోకి చేరాలంటే సముద్రం ముట్టుకోనక్కర్లేదు, కోరింగ పాయ గాని, గాడేరు గాని లోపలినుంచే తీసుకెళతాయి. అవతల 16 కిలోమీటర్ల పొడుగున హోప్ ఐలాండ్ ఇసుక కట్టలా అడ్డుకుని అలల్ని ఆపుతుంది. ఇదంతా 1978లో ఏర్పాటైన కోరింగ అభయారణ్యం పరిధి, అటవీ శాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి. గంటకు 10 కిలోమీటర్లు పోయే పడవకు ఇక్కడే అసలు విలువ. పోటు మొదలవగానే ఇంజను ఆపి, తెడ్డుతో ముక్కు సరిచేసుకుంటూ నీరే తీసుకుపోనిస్తే మడ వేళ్ల మధ్య నీటికుక్కలు కనిపించే అవకాశం ఉంటుంది, ఇంజను మోతతో అది జరగదు. పడవ తాడు చెట్లకు కట్టకండి. తిల్ల చెట్టు కొమ్మ విరిగితే వచ్చే పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. జనవరి నుంచి మార్చి దాకా హోప్ ఐలాండ్ ఇసుక మీద ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, రాత్రి దీపాలతో ఆ ఒడ్డు దగ్గరికి వెళ్లొద్దు. అఖాతం దక్షిణపు వైపు లోతు తక్కువ, అడుగంతా బురద. పాటులో ఇంజను బురద పీల్చుకుంటుంది.

మొగలు ఎందుకు వద్దంటున్నామో చెప్పాలి. నది పాటు బయటికి తోస్తుంటే, సముద్రపు అల లోపలికి వస్తుంటే, మధ్యలో ఇసుక మేట మీద రెండూ ఢీకొని నిటారుగా లేచి విరుగుతాయి. ఈ పడవ అంచు అంత ఎత్తుకు కాదు. పైగా ప్రతి వరదకూ మేట చోటు మారుతుంది, నిరుడు జీపీఎస్‌లో గీసుకున్న దారి ఈ ఏడు పనికిరాదు. ఒక మొగ నుంచి ఇంకో మొగకు తీరం వెంట పోవాలన్న కోరిక గట్టిగా ఉంటే 26 అడుగులకు పైబడిన, ముందు భాగం ఎత్తున్న పడవ, రెండు ఇంజన్లు, వీహెచ్ఎఫ్ రేడియో, అక్కడి సరంగు ఒకరు కావాలి. దాటేది పోటు చివర, నీరు నిలబడిన వేళ. ఓడలరేవు ఎదుట సముద్రంలో చమురు కట్టడాలకు కనీసం 500 మీటర్ల దూరం ఉండాలి.

కాలం: డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా. పొద్దున మంచు విడిచాక బయల్దేరి, పదకొండు, పన్నెండుకల్లా లంగరు వేసేయాలి. మార్చి నుంచి మధ్యాహ్నం గాలి లేస్తుంది, పాటుకు ఎదురుగా వీచిందంటే వెడల్పు పాయలో పొట్టి అలలు నిటారుగా లేచి పడవను కొడతాయి. జూలై నుంచి అక్టోబరు దాకా పడవ గట్టు మీదే. ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక వేస్తారు, అప్పటికి నది 10 లక్షల క్యూసెక్కులు మోస్తూ ఉంటుంది. ఆ నీటిలో కొట్టుకొచ్చే దుంగలకు ఫైబరు ఆగదు. బయల్దేరే ముందు రోజు హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల సూచన చూడండి.

పాతది కొనేవాళ్లు రంగు చూసి మోసపోకండి. ఇంజను కాలు ఎత్తి, రెండు చేతులా పట్టుకుని పైకీ కిందకీ గట్టిగా ఊపండి. వెనక పలక కూడా కదిలితే, లేదా బోల్టుల దగ్గర వెంట్రుకలాంటి పగుళ్లు కనిపిస్తే, లోపలి ప్లైవుడ్ కుళ్లింది. దాన్ని కోసి కొత్తది వేయడం పెద్ద పని. అడుగంతా రూపాయి బిళ్లతో తట్టుకుంటూ రండి, టంగుమన్న చోట గట్టి, బొద్దుగా మోగిన చోట పొరలు విడిపోయాయి. రెండు రోజులు నీటిలో ఉంచి, లేపాక అడుగు బిరడా తీసి ఎంత నీరు కారుతుందో చూడండి. ఒక చెంబుకు మించితే బేరం ఆపేయండి. ఇంజను కాగితాలు, ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం 2021 కింద పడవ రిజిస్ట్రేషను కాగితాలు ఒకే పేరు మీద ఉన్నాయో లేదో డబ్బు ఇచ్చేముందే చూసుకోండి.